లెక్క రాస్తే చాలదు, చదవాలి

2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక వెలువడింది. ముస్లింలను బుజ్జగిస్తున్నారన్న ప్రచారానికి అంతవరకు మన వద్ద ఆవేదన ఉండేది గానీ ఆధారాలు తక్కువ. 2001 జనగణన ప్రకారం దేశ అక్షరాస్యత 65.1 శాతం కాగా ముస్లింలలో అది 59.1 శాతమేనని నివేదిక ఎత్తిచూపింది. ఆ ఒక్క వాక్యం వంద వినతిపత్రాల పని చేసింది.

సమాచార సేకరణ లోపిస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్లు కల్పించిన 2007 నాటి చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును తేల్చేందుకు జరిపిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది తీర్పులోని ముఖ్య అభ్యంతరాలలో ఒకటి. ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులే ఆ రిజర్వేషన్లను నిలిపాయి. మన పేదరికం నిజమే. దానిని నమోదు చేసిన తీరే న్యాయస్థానంలో నిలబడలేదు.

ప్రభుత్వాన్ని లెక్కలడిగే మనం మన సంస్థల లెక్కలను ఎలా చూస్తున్నాం? జకాత్ కమిటీలలో, బైతుల్‌మాల్‌లలో, ఉపకార వేతనాల సహాయ కేంద్రాలలో రిజిస్టర్లకు కొదవ లేదు. రంజాన్‌లో ఎన్ని కిట్లు పంచామో కరపత్రాలలో వేసుకుంటాం. నిరుడు సాయం పొందిన కుటుంబం ఈ ఏడు కూడా ఎందుకు వరుసలో నిలబడిందో మాత్రం అడగం. తిరస్కరణకు గురైన దరఖాస్తులలో ఆదాయ ధ్రువపత్రం లేనివెన్ని, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కానివెన్ని? ఈ విభజన చేసి చూస్తే, ఎక్కువ భాగం ధ్రువపత్రం దగ్గరే ఆగాయని తేలవచ్చు. అప్పుడు దానికి పరిష్కారం మరో నిరసన సభ కాదు, గడువుకు నెల ముందే బస్తీలో ఒక సహాయ శిబిరం.

కాబట్టి మా సూచన ఇది. అడిగే ప్రశ్నలు కొద్దిగా ఉండాలి. ఏటా అవే ఉండాలి. ఇచ్చినదానితో పాటు దానివల్ల వచ్చిన మార్పునూ రాయాలి. ఎంత మందికి ఫీజు కట్టామన్నది సగం లెక్క. వారిలో ఎంత మంది చదువు పూర్తి చేశారన్నది మిగతా సగం. మూడు నెలలకోసారి కార్యకర్తలు కూర్చొని ఆ రిజిస్టరు చదవాలి. వైఫల్యాలను దాచకూడదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. 2019-20లో ఎన్‌ఆర్‌సీ చర్చ రేపిన భయం తరువాత, పేరు రాసుకుంటామంటే మన ఇళ్లలో అనుమానంగా చూడడం సహజం. ఒక వితంతువు చెప్పుకున్న కష్టం, ఇచ్చిన ఫోన్ నంబరు మన దగ్గర అమానత్. వాటిని వాట్సాప్ గ్రూపులలో తిప్పడం, సాయం అందుకుంటున్నవారి ఫొటోలు వేయడం ఆ అమానత్‌కు ద్రోహమే. వివరాలు ఎందుకు అడుగుతున్నామో చెప్పి, సమ్మతి తీసుకొని, అవసరం తీరాక తొలగించాలి.

ఖుర్‌ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పును రాసుకోవడం గురించినది. అప్పునే అంత శ్రద్ధగా రాసుకోమన్న ధర్మం, పేదవాడి హక్కును మన జ్ఞాపకశక్తికి వదిలేయమంటుందా? మీ మొహల్లా కమిటీ రిజిస్టరును ఈ నెలలోనే ఒకసారి తెరవండి. కొత్త పేర్లు చేర్చే ముందు పాత పేర్లను చదవండి.