చెదిరిన స్తూపాన్ని చూపించేదెలా?

అమరావతి మహాచైత్యాన్ని పూర్తిగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి వెళ్తే ఒక దిబ్బ, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతిపలకలు, పక్కనే చిన్న మ్యూజియం కనిపిస్తాయి. శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన రాళ్లలో చాలావాటిని 1859లో ఓడ ఎక్కించారు. అంతకుముందే ఎన్నో పలకలు ఊళ్లోని కట్టడాల్లో కలిసిపోయాయి, సున్నపుబట్టీల్లో కాలిపోయాయి. దాదాపు 50 మీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ స్తూపాన్ని ఇక ఏ మ్యూజియమూ ఒక్కచోట చూపించలేదు.

మ్యూజియాలకు వర్చువల్ రియాలిటీ వంటి హంగులు అవసరమా అని అడిగేవారికి మన దగ్గరున్న జవాబు ఇదే. ముక్కలైనదాన్ని ఒకటిగా చూపడానికి వేరే దారి లేనప్పుడు దాన్ని హంగు అనడం తగదు.

బ్రిటిష్ మ్యూజియంలో రెండు వైపులా చెక్కిన అమరావతి పలక ఒకటుంది. క్రీస్తుపూర్వపు శిల్పి ఒకవైపు బోధివృక్షాన్ని, కింద ఖాళీ ఆసనాన్ని, మొక్కుతున్న భక్తులను మలిచాడు. శతాబ్దాల తర్వాత మరో శిల్పి అదే రాతిని తిప్పి మహాచైత్యాన్నే చెక్కాడు: ప్రాకారం, వాకిట సింహాలు, ఆయక స్తంభాలు, అలంకరించిన అండం (గుమ్మటం). స్తూపం ఎలా ఉండేదో స్తూపం రాయే చెబుతోందన్నమాట. 2017లో ఆ మ్యూజియం ఈ పలకనే నడుమ పెట్టి ఒక ప్రదర్శన నడిపింది. సందర్శకులు తమ సెల్‌ఫోన్లతోనే తెరమీది స్తూపాన్ని పరిశీలించే ఏర్పాటు చేసింది. తెర చూసినవాళ్లు పక్కకు తిరిగితే అసలు రాయి అక్కడే ఉంది. ఈ పద్ధతి మనకూ నచ్చాలి.

చైనాలోని దున్‌హువాంగ్ గుహలది ఇంకో అవసరం. జనం ఊపిరిలోని తేమకు కుడ్యచిత్రాలు పాడవుతుంటే, 2014 నుంచి సందర్శకులకు ముందు డిజిటల్ కేంద్రంలో చిత్రాలు చూపి, ఆ తర్వాత కొన్ని గుహలకే తీసుకెళ్తున్నారు.

అయితే తెరమీది బొమ్మకు ఒక దుర్గుణం ఉంది: తెలిసినదాన్ని, ఊహించినదాన్ని ఒకే మెరుపుతో చూపిస్తుంది. అమరావతి స్తూపం అడ్డుకొలత పునాదులు చెప్పినది. ఎత్తు మాత్రం పండితుల అంచనా. ఆ తేడా చూసేవాడికి తెలియాలి. ఇలాంటి పునర్నిర్మాణాల్లో ఆధారమేదో, ఊహ ఏదో విడమరచాలని 2006 నాటి లండన్ చార్టర్ చెబుతోంది. 1816లో అమరావతికి వచ్చిన సర్వే అధికారి కాలిన్ మెకంజీ గీయించిన చిత్రాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆధారాలకు మనకు అంత కరువేమీ లేదు.

నాగార్జునకొండ సంగతి మరీ స్పష్టం. 1954–60 మధ్య తవ్వి తీసిన ఇక్ష్వాకుల విజయపురి లోయ ఇప్పుడు సాగర్ జలాశయం అడుగున ఉంది. కొన్ని కట్టడాలను ఇటుకా రాయీ విప్పి కొండమీదికీ అనుపుకూ తరలించారు. లాంచీ దిగి మ్యూజియం చూసిన పిల్లవాడికి ఆ విహారాలు, స్నానఘట్టాలు, వీధులు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండేవో తెలిసే మార్గం లేదు. తవ్వకాల పటాలు, ఫొటోలు ఆధారంగా ఆ లోయను కళ్లకు కట్టించవచ్చు.

అయితే వర్చువల్ రియాలిటీ కళ్లజోడు పెట్టి రెండు నిమిషాలు తిప్పి పంపేస్తే అది తిరునాళ్ల రంగులరాట్నమే. కొన్న నెలకే ‘పనిచేయుటలేదు’ అని కాగితం అంటించుకున్న టచ్‌స్క్రీన్లు మనం ఇప్పటికే చాలా చూశాం. యంత్రం కొనడానికి నిధులిచ్చేవారు దాన్ని నడిపే మనిషికీ, చక్కటి తెలుగులో వ్యాఖ్యానం రాసే చరిత్రకారుడికీ జీతం ఇవ్వాలి.

రెండు తెలుగు ప్రభుత్వాలకూ పురావస్తు శాఖలకూ మా విన్నపం ఒక్కటే. చెన్నై, లండన్ మ్యూజియాలతో మాట్లాడి, అమరావతి శిల్పాలన్నిటి త్రీడీ ప్రతులను ఒకచోట చేర్చండి. మొదటి ప్రదర్శన అమరావతిలోనే పెట్టండి. రాళ్లు తిరిగి వస్తాయో రావో గానీ, వాటి రూపాన్ని రప్పించుకోవడానికి ఎవరి అభ్యంతరమూ ఉండనక్కరలేదు.