యంత్రం చదివే నాలుగు మాటలు

కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ సాధనాలను తానే ఎంచుకొని వాడే పద్ధతి, 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ ‘ఫంక్షన్ కాలింగ్’ను ప్రవేశపెట్టిన తరువాత బాగా విస్తరించింది. సాధనం లోపలి ప్రోగ్రాము సాధారణంగా దానికి కనిపించదు. ప్రోగ్రామర్ వ్రాసిన పేరు, వివరణ, అందించవలసిన అంశాల పట్టిక, ఇవే దానికి ఆధారం.

‘విమాన టిక్కెట్ల సాధనం’ అని వ్రాసి ఊరుకుంటే, అది ఖాళీ సీట్లు చూపి ఆగుతుందో, డబ్బు చెల్లించి టిక్కెట్టే కొంటుందో తెలిసేదెలా? తేదీ మరీ చిక్కు. 03-04-2027 అంటే అమెరికాలో మార్చి 4, హైదరాబాదులో ఏప్రిల్ 3. స్వదేశ ప్రయాణం నెల తప్పడానికి అంతకు మించిన కారణం అక్కరలేదు. ‘సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో, ఉదాహరణకు 2027-04-03’ అని చేర్చడానికి నిమిషం పట్టదు. అయినా వివరణను చివరి క్షణపు తంతుగా భావించే ప్రోగ్రామర్లు ఉన్నారు. (తమ ప్రోగ్రాము ఆరు నెలల తరువాత తమకే అర్థం కాకపోవడం వేరే సంగతి.) నిజానికి ముందు వ్రాయవలసినది వివరణే. డబ్బు చేతులు మారే సాధనమైతే ‘ప్రయాణికుని అనుమతి లేనిదే వాడరాదు’ అన్న మాట అందులో ఉండి తీరాలి. ఆ అనుమతిని ప్రోగ్రాము కూడా విడిగా సరిచూడాలి.