రెబెక్కాను చెక్కిన చేతికి విద్య నేర్పిన ఊరు

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గుమిగూడే చోట్లలో మేలిముసుగు రెబెక్కా ఒకటి. ముసుగూ, దాని చాటున ముఖమూ అంతా ఒకే పాలరాయి. దాన్ని చెక్కింది జొవాన్ని మరియా బెంజోని అని చాలామందికి తెలుసు. ఆ బెంజోనికి విద్య ఎలా అబ్బిందో మాత్రం మనం అడగం. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన నాకు ఆ సంగతే ముఖ్యం.

దానికి జవాబు ఉత్తర ఇటలీలో, బెర్గమో జిల్లాలోని లోవెరెలో ఉంది. ఇసెయో సరస్సు ఒడ్డున ఐదు వేల పైచిలుకు జనమున్న ఊరు అది. ఇనుము పనికి పేరుపడింది, రైలు చక్రాలు ఇప్పటికీ అక్కడ తయారవుతాయి. మిలాన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, బెర్గమోలో బస్సెక్కి ఆ ఊరు చూసొచ్చాను. సరస్సుకు ఎదురుగా స్తంభాల వరండాతో ఉన్న పెద్ద భవనమే తదీని అకాడమీ. అదే ఆ ఊరి ఆర్ట్ గ్యాలరీ.

దాన్ని నెలకొల్పిన కౌంట్ లుయీజి తదీని (1745–1829) క్రెమా పట్టణపు జమీందారు. ఆయన కొడుకు ఫౌస్తీనోకు కవిత్వమన్నా శిల్పమన్నా ప్రాణం. మహాశిల్పి కనోవా పనితనం మీద ఇరవై రెండేళ్ళ వయసులోనే పుస్తకం అచ్చువేశాడు. 1799లో లోవెరెలోనే ఒక కట్టడం కూలి, దాని కింద పడి చనిపోయాడు. కొడుకు ఆరాధించిన ఆ కనోవా చేతనే తండ్రి స్మారక శిల్పం చెక్కించాడు. శోకంతో తల వంచుకున్న స్త్రీమూర్తి ఉన్న ఆ పాలరాతి ఫలకం భవనం వెనక తోటలోని చిన్న ప్రార్థనామందిరంలో ఉంది.

తదీని అక్కడితో ఆగిపోలేదు. నెపోలియన్ కాలంలో మఠాలూ చర్చిలూ మూతపడి వాటి చిత్రాలు చెల్లాచెదురవుతున్న రోజులవి. అలాంటి బొమ్మలను ఆయన కొని పోగుచేశాడు. క్రెమా చర్చిలో ఉండిన పారిస్ బోర్దొనె పెద్ద చిత్రపటం అలాగే లోవెరె చేరింది. వెనిస్ చిత్రకళకు ఆద్యుల్లో ఒకడైన యాకొపో బెల్లీని గీసిన తల్లీబిడ్డల చిత్రం అక్కడే ఉంది. వీటితో పాటు పింగాణీ, ఆయుధాలు, పాతకాలపు పుస్తకాలు కూడబెట్టాడు. వాటన్నిటి కోసం 1821–26 మధ్య సలింబేని అనే వాస్తుశిల్పి చేత ఈ భవనం కట్టించి, ఊరికి వదిలి వెళ్ళాడు. బొమ్మల పక్కనే బడి ఉండాలన్నది ఆయన పట్టు. అందుకే గ్యాలరీతో పాటు డ్రాయింగ్, సంగీతం నేర్పే తరగతులు పెట్టించాడు. సంగీత పాఠశాల నేటికీ నడుస్తోంది.

బెంజోని 1809లో ఆ ప్రాంతపు కొండల్లోని సొంగవాత్సో పల్లెలో పేదింట పుట్టాడు. సరస్సు ఒడ్డునే మరో ఊళ్ళో బంధువు వడ్రంగి కొట్లో పనికి కుదిరాడు. ఆ పిల్లవాడి చేతివాటం తదీని కంట పడింది. లోవెరెలో చదువు చెప్పించి, 1828లో రోముకు పంపించాడు. మరుసటి ఏడే తదీని పోయినా ఆ చదువు వృథా కాలేదు. బెంజోని రోములో పెద్ద శిల్పశాల నడిపాడు, దేశదేశాల నుంచి గిరాకీ వచ్చింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ ప్రయాణంలో రోములో కొని తెచ్చిన రెబెక్కా ఆ పనితనం నుంచి వచ్చిందే. బెంజోని శిల్పాలు లోవెరె గ్యాలరీలోనూ ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గ్యాలరీ పని కాపలాతో పూర్తి కాదు. గొళ్ళెం వేసి కాపాడిన బొమ్మ నిలుస్తుంది, సంతోషం. కానీ ఆ బొమ్మ ముందు కూర్చుని గీసుకునే పిల్లవాడికి చోటు లేకపోతే రేపటి బొమ్మ పుట్టదు. మనకూ అలాంటి ఉదాహరణ ఉంది. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కనిపెట్టి చేయూతనివ్వడంతోనే చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి వెళ్ళి చదువుకోగలిగాడు. 1925లో చిన్న వయసులోనే పోయినా, ఆయన పేరిట రాజమండ్రిలో గ్యాలరీ నిలిచింది. కనిపెట్టే కన్ను, చదివించే చెయ్యి రెండూ కలిస్తేనే ఇది సాధ్యం.

మన జిల్లా మ్యూజియాల్లో చాళుక్యుల, కాకతీయుల శిల్పాలకు కొదవ లేదు. బడి పిల్లలు వరసలో వచ్చి వరసలో వెళ్ళిపోతారు. నేను కూడా ఏటా అలాగే తీసుకెళ్ళేవాణ్ణి. పిల్లలు కింద కూర్చుని పెన్సిలు తీస్తే, కాపలావాళ్ళు లేపి ముందుకు నడిపించేవారు. బాగా గీసే పిల్లలకు ఆ తర్వాత ఏం చేయాలో చెప్పే మనిషి దొరకడు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను అడుగుతున్నాను. ప్రతి జిల్లా మ్యూజియంలో ఒక గది, ఒక గురువు, ఆదివారం ఒక పూట ఇవ్వండి. కాగితం, పెన్సిలు, తడిమట్టి చాలు, పెద్ద ఖర్చు కాదు. సాలార్‌జంగ్ మ్యూజియం వారు రెబెక్కా పక్కన లోవెరె కథ నాలుగు ముక్కల్లో రాయించి, తదీని అకాడమీతో స్నేహం కలుపుకుంటే ఇంకా మంచిది. ఇక కలిగినవాళ్ళకు నా మనవి: గుడికి గోపురం కట్టించే చేత్తోనే మీ ఊరి బళ్ళో ఒక డ్రాయింగ్ మాస్టారి జీతం కూడా భరించండి.