పండగ దాటనివ్వండి

సంక్రాంతి చాలా ఏళ్లు పుష్యమాసంలోనే వస్తుంది. పుష్యం శూన్యమాసం కనుక ఇళ్ల బేరాలు మాఘం వచ్చాక చూసుకుందామంటారు మనవాళ్లు. అందువల్ల అనంతపురం పల్లెల్లో ఏటా ఈ రోజుల్లో కొన్ని ఇళ్లు మాట కుదిరి, కాగితం పడక ఆగి ఉంటాయి. సరిగ్గా అప్పుడే పండగ. సున్నం తడుపుతున్న ఇల్లాలిని పక్కింటామె అడుగుతుంది: ‘‘అమ్మే ఇంటికి సున్నమెందుకు పాపా?’’ ‘‘ఉన్నన్నాళ్లూ మా ఇల్లే గదక్కా’’ అంటుంది ఈమె.

ఆ జవాబే సరైనదని మేం నమ్ముతున్నాం.

ఈ సీమలో పుట్టి పెరిగిన ఇంటిని ఎవరూ ఊరికే అమ్ముకోరు. పడమటి కనుమల చాటున వాననీడలో ఉన్న నేల ఇది. ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లు. అదీ చెనక్కాయ ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. బోరు వెంట బోరు వేసి అప్పుల్లో దిగినవాళ్లు చివరికి మిద్దెను బేరానికి పెడతారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. అయినా బెంగళూరు బస్సెక్కే కుటుంబాలు ఆగలేదు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మంచి ధర పలికిందని అమ్మినవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి వేరు.

మట్టి మిద్దె నిలవాలంటే మనిషి చేయి తగులుతూనే ఉండాలి. వానలకు ముందు పైన చౌడు పరవకపోతే ఒక్క ముసురుకే దంతెల సందుల్లోంచి నీళ్లు కారతాయి. గవాచ్చి చుట్టూ మట్టి రాలితే మళ్లీ మెత్తాలి. పండగొస్తే గోడలకు సున్నం, అడుగున జాజు పట్టీ, గడపకు పసుపు. అమ్మబోయే ఇంట్లోనూ ఇల్లాలు పొయ్యి వెనక మసిగోడను అందరికంటే ఎక్కువసేపు రుద్దుతుంది. కొనేవాడు ఆ గోడ వంక చూడడని ఆమెకు తెలుసు. అతడు ముందు అడిగేది నీళ్ల సంగతి, తర్వాత వాస్తు. ద్వారబంధం పైన తోరణానికి కొట్టిన మేకులు అత్తగారి నాటివి. మామిడాకులు వాటికే కడుతుంది.

అమెరికాలో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లు క్రిస్మస్ రోజుల్లో అలంకరణ తగ్గించమంటారు, కుటుంబ ఫొటోలు తీసి దాచమంటారు. వచ్చినవాళ్లు ఆ ఇంట్లో తమను ఊహించుకోవాలట. వ్యాపారానికి అది సరైన సలహానే కావచ్చు. మన పల్లెల్లో మాత్రం పండగ పూట ముగ్గు లేని వాకిలి చూస్తే కొనవచ్చినవాడి మనసే వెనక్కి లాగుతుంది. అయితే ధర పెరుగుతుందని సున్నం కొట్టమనడం మా ఉద్దేశం కాదు. అప్పు తీర్చడానికి ఇల్లు పోతున్నప్పుడు, ఆ ఇంట్లో తలెత్తుకొని ఒక పండగ చేసుకోవడం ఆ కుటుంబానికి మిగిలిన హక్కు. ఆ పిల్లలకు ఈ వాకిట్లో ఇదే ఆఖరి సంక్రాంతి అయినప్పుడు గొబ్బెమ్మలు ఇంకా పెద్దవి పెట్టాలి.

కొనేవాళ్లకు ఒక మనవి. భోగి పొద్దున టేపు పట్టుకొని గోడలు కొలవడానికి పోకండి. పిల్లల ఎదుట దూలాలు తట్టి చూసి, పుచ్చాయని ధర తగ్గించమని అడగకండి. ‘‘పండగ చేసుకొనే తాళం ఇయ్యండి’’ అనే పెద్దమనుషులు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. మధ్యవర్తులు మాట కుదిర్చేటప్పుడే ఖాళీ చేసే గడువు కనుమ దాటాకే ఉండేలా చూడాలి.