ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమా?

మన ఐటీ జనాల్లో ఈమధ్య ఒక సరదా బాగా కనబడుతోంది. కొత్త కారుకి పెట్టే డబ్బులతో పాత స్పోర్ట్స్ కారు కొనుక్కోవడం. తప్పేం లేదు. 2017లో మన దేశంలోకి వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి 230 హార్స్ పవర్ బండిని కొత్తగా కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. గొడవల్లా టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడే. అప్పటిదాకా లక్షల్లో మాట్లాడినవాడు ఒక్కసారిగా వందల్లో బేరం మొదలెడతాడు. "ఏ టైరైతేనేం, గుండ్రంగానే ఉంటుందిగా!" అంటాడు.

మా బాబాయిగారబ్బాయి సరిగ్గా ఇదే మాటన్నాడు. ఉద్యోగం హైదరాబాదులో, ఊరేమో తిరువూరు దగ్గర ఎ.కొండూరు. రెండు నెలలకోసారి ఊరెళ్ళొస్తాడు. వాడి వాదన ఇదీ: "నేను రేసులకి వెళ్ళను. చవక టైరు గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. ఖరీదైనది మెత్తగా ఉండి తొందరగా అరిగిపోతుంది."

వినడానికి బాగానే ఉంది. లెక్క వేసి చూద్దాం. ఇంటి నుంచే సగం పని చేసే మనవాళ్ళ కారు ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. అరవై వేలు నడిచే గట్టి టైరు అరగాలంటే పదేళ్ళు కావాలి. రబ్బరు అన్నాళ్ళు ఆగదు, నిలబడి ఉన్నా గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఐదేళ్ళు దాటాక ఏటా ఒకసారి చూపించుకోమనీ, తయారై పదేళ్ళైతే పైకి ఎంత బాగున్నా తీసెయ్యమనీ మిషలిన్ వాళ్ళే చెబుతారు. అంటే మన టైరు అరిగి పోదు, ముసలిదై పోతుంది. మనం వాడుకోని మన్నిక కోసం పట్టుని వదులుకోవడం ఏం పొదుపు?

డబ్బు లెక్క కూడా చూడండి. చవకది ఏడు వేలు, మంచిది పదమూడు వేలు అనుకుంటే నాలుగింటికి తేడా 24 వేలు. ఐదేళ్ళకి సర్దితే రోజుకి 13 రూపాయలు. హైదరాబాదులో ఒక కప్పు టీ!

ఆ 13 రూపాయలకి వచ్చేదేమిటి? ఒక్కో టైరు నేలని తాకేది ఇంచుమించు మన అరచెయ్యంత మేర. ఇంజను బలమైనా, బ్రేకులైనా ఆ నాలుగు అరచేతుల మీదుగానే రోడ్డుకి చేరాలి. ఏబీఎస్, ఈఎస్‌పీ ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ అయినా, ఉన్న పట్టుని సరిగ్గా వాడుకోగలవు గానీ లేని పట్టుని పుట్టించలేవు. వాన పడిన రోడ్డు మీద ఒక టైరు ఘర్షణ గుణకం 0.6, ఇంకోదానిది 0.5 అనుకోండి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే మొదటి కారు 42 మీటర్లలో ఆగుతుంది, రెండోది 50 మీటర్లలో. ఎనిమిది మీటర్లేగా అనకండి. మొదటిది పూర్తిగా ఆగిపోయిన చోట రెండోది ఇంకా గంటకి 33 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తూ ఉంటుంది.

ఇప్పుడు ఆ ఎనిమిది మీటర్లలో ఎవరుంటారో ఆలోచించండి. నాలుగు వరసల హైవే వదిలి, ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమకి తిరిగి, మైలవరం మీదుగా ఎ.కొండూరు వైపు వెళ్ళే దారి చూడండి. మన ఊళ్ళ రోడ్లన్నీ ఇంతే. అంచున ఆరబోసిన ధాన్యం, పక్కన నిలబడ్డ రైతు, తండాలకి కూలీలని తీసుకెళ్ళే ఆటో, ఇంటికి మళ్ళిన గేదెలు. నా మటుకు అసలు విషయం ఇదే. కారు సరదా మనది, టైరు ఎంపిక మనది, ఈఎంఐ మనది. కానీ ఆ రోడ్డు మీద ఉన్న మనిషిని మన టైరు గురించి ఎవరూ అడగలేదు. వాళ్ళకి ఎయిర్ బ్యాగులు కూడా లేవు.

అలాగని ఖరీదైనవన్నీ మంచివని నేననడం లేదు. పేరు చూసి మోసపోవడం కూడా ఉంది. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత కొన్ని సైజులకి వెతుకులాట తప్పలేదు. అలాంటప్పుడు గోడౌనులో నాలుగేళ్ళు పడున్న గొప్ప బ్రాండు కంటే మొన్న తయారైన మంచి దేశీ టైరు నయం. అపోలో వాళ్ళు 2020లో మన చిత్తూరు జిల్లా (ఇప్పుడు తిరుపతి జిల్లా) చినపాండూరులో ఫ్యాక్టరీ తెరిచారు. ఐరోపా బ్రాండు వ్రెడెస్టైన్ 2009 నుంచీ వాళ్ళదే. చవక, ఖరీదు అనే గీత మనం అనుకున్నంత సూటిగా లేదన్నమాట. అలాగే ట్రాక్ కోసం చేసిన మరీ మెత్తటి టైర్లు మన గుంతలకి అక్కర్లేదు. తడిలో పట్టు బాగున్న, పక్క గోడ గట్టిగా ఉన్న టూరింగ్ రకం చాలు.

కొనేముందు చూడాల్సినవి నాలుగే. పక్కన ఉండే నాలుగంకెల తేదీ: 3524 అంటే 2024లో 35వ వారం. వేగం అక్షరం: టి అంటే 190, వి అంటే 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్లు. కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు, లోడు అంకె కూడా అంతే. నాలుగూ ఒకే రకం ఉండాలి. రెండే మార్చగలిగితే, ముందు చక్రాలు లాగే కారైనా సరే, కొత్తవి వెనక వెయ్యాలి. వెనక పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు మనలాంటి మామూలు డ్రైవర్లు చెయ్యగలిగేది ఏమీ ఉండదు.

పాత స్పోర్ట్స్ కారు బేరం ఆడేటప్పుడే నాలుగు మంచి టైర్ల ఖరీదు కారు ధరలో కలిపేసుకోండి. అలా కలిపితే బడ్జెట్ దాటిపోతోందా? అయితే ఆ కారు మన బడ్జెట్‌లో లేనట్టే, ఒక మెట్టు కిందది చూసుకుందాం. ఇంజనులో తగ్గించుకుంటే పోయేది కాస్త సరదా. టైర్లలో తగ్గించుకుంటే పోయేది ఎవరిదో మనకి ముందుగా తెలియదు. మీరేమంటారు?