కృప వాళ్ళకి, ధర్మశాస్త్రం మనకి



కృప గొప్పదా, ధర్మశాస్త్రం గొప్పదా? మా భీమవరం చుట్టుపక్కల ఉజ్జీవ సభల్లో ఈ వాదన తెగదు. ఒక ప్రసంగీకుడు మనం కృపలో ఉన్నాం, ఆజ్ఞలతో పని లేదంటాడు. మర్నాడు అదే పందిట్లో ఇంకొకాయన ఆజ్ఞ తప్పినవాడికి నరకమే అంటాడు. మూడో రోజు కాస్త చదువుకున్న అయ్యగారు వచ్చి, రెండూ తక్కెడలో సమంగా ఉండాలి అని సర్దుబాటు చేసి వెళ్తాడు. జనం కానుక వేసి ఇంటికెళ్తారు.

నాకు ఆ తక్కెడ మీదే అనుమానం. తూచేది ఎవరు? ఎవరి తట్టలో ఏది వేస్తున్నారు? ముప్పై ఏళ్ళుగా పేటల్లో తిరుగుతున్నాను. నేను చూసినంతలో ధర్మశాస్త్రం ఎప్పుడూ కూలికెళ్ళే ఆడమనిషి తట్టలోనే పడుతోంది. కృప మాత్రం సంఘపెద్ద తట్టలో, ఊరి పెత్తందారు తట్టలో పడుతోంది.

ముందు ఆ మాట సంగతి చూడండి. మోషేకిచ్చిన ఆజ్ఞలకి తెలుగు బైబిల్లో పెట్టిన పేరు ధర్మశాస్త్రము. మనువు పుస్తకానికీ మనవాళ్ళు పెట్టిన పేరు అదే. అనువాదకులు కావాలని చేశారనను. వాళ్ళకి దొరికిన పెద్ద మాట అది. కానీ వినేవాడి చెవి వేరు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు వాళ్ళు ఈ దేశానికొచ్చి నర్సాపురం, పాలకొల్లు వైపు మకాం పెట్టారు. 1842లో హయ్యర్ గుంటూరు చేరాడు. తర్వాత కొన్నేళ్ళకి రాజమండ్రి పని కూడా అమెరికా లూథరన్ల చేతికొచ్చింది. ఆ బోధ మన పేటలకి చేరినప్పుడు, మీరిక ధర్మశాస్త్రం చేతికింద లేరని పౌలు రోమా వాళ్ళకి రాసిన సంగతి మా తాతలు ఎలా విని ఉంటారు? సీనాయి కొండ వాళ్ళకి తెలియదు. వాళ్ళకి తెలిసిన ధర్మశాస్త్రం ఒక్కటే. చెరువులో నీళ్ళు ముట్టుకోనివ్వనిది, చెప్పులు చేత పట్టుకుని నడవమన్నది. దాని కింద మీరిక లేరు అంటే, బాప్తిస్మానికి జనం ఎందుకు కదిలారో వేరే చెప్పాలా? గోధుమల కోసం మారారు అని ఎగతాళి చేసేవాళ్ళు ఈ ఒక్క మాట బరువు తూచి చూడలేదు.

తర్వాత ఏమైంది? ఒక ధర్మశాస్త్రం నుంచి బయటికొచ్చినవాళ్ళ మీద ఇంకోటి కూర్చుంది. బొట్టు పెట్టకూడదు, పువ్వు పెట్టకూడదు, సినిమా చూడకూడదు, డప్పు కొట్టకూడదు, ముసుగు లేకుండా ప్రార్థనకి కూర్చోకూడదు. మా పెద్దమ్మ ఒకావిడ, చదువు లేదు, మందిరం ఊడవందే ఆదివారం అన్నం తినేది కాదు. మావుళ్ళమ్మ జాతరకి మనవడిని ఎత్తుకుని వెళ్ళిందని ఆవిణ్ణి ఆరు నెలలు ప్రభువు బల్లకి దూరం పెట్టారు. ఆ సంవత్సరమే అదే సంఘంలో ఒక పెద్దాయన కొడుక్కి లక్షల కట్నం పుచ్చుకుని పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళిలో దీవెన ప్రార్థన అరగంట. పెద్దమ్మకి ధర్మశాస్త్రం, పెద్దాయనకి కృప.

(సంక్రాంతికి కోడిపందేల బరుల్లో కోట్లు చేతులు మారతాయి. హైకోర్టు ఆదేశాలున్నా చట్టం మూడు రోజులు కృప చూపిస్తుంది. పేటలో నలుగురు కుర్రాళ్ళు పేకాడితే మాత్రం జీపు వస్తుంది. అంచేత ఈ జబ్బు మందిరాలకే అంటిందని నేననను.)

అసలు ఈ అయ్యవార్లు చెప్పే ధర్మశాస్త్రం బైబిల్లో ఉన్నదేనా అని చూస్తే ఇంకో ఆశ్చర్యం. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం తీయండి. చేను కోసేటప్పుడు అంచులు వదిలెయ్యాలి, పరిగె ఏరుకోకూడదు, అది బీదలదీ పరదేశులదీ. కూలివాడి కూలి తెల్లారేదాకా అట్టేపెట్టుకోకూడదు. ఇరవై అయిదో అధ్యాయంలో యాభయ్యో ఏట అమ్ముడుపోయిన భూమి తిరిగి అసలు కుటుంబానికి చేరాలి. పరిగె అంటే ఏమిటో డెల్టాలో పుట్టిన మన అమ్మమ్మలకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాసూళ్ళయ్యాక మోకాళ్ళ మీద వంగి వెన్ను వెన్నూ ఏరి కుంచాలు నింపి పిల్లల్ని పెంచినవాళ్ళు. ఇప్పుడు కోత మిషన్లొచ్చాయి, చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు గట్టు మీద ఏం ఏరుకుంటారు?

ఈ ఆజ్ఞల మీద ప్రసంగం మీరు విన్నారా? నేను వినలేదు. మలాకీ దశమభాగం మీదైతే నెలకోసారి తప్పదు. మోషే ధర్మశాస్త్రం నిజానికి కూలివాడికి ఆసరా. బరువల్లా చేను ఉన్నవాడి మీద. దాన్ని తిరగేసి చదివి, బరువు కూలివాడి నెత్తిన పెట్టి, ఆసరా మాయం చేశారు. అందుకే కృప, ధర్మశాస్త్రం ఒకదానికొకటి పోటీ అన్న మాట నాకు మింగుడుపడదు. జక్కయ్య కథ చూడండి. యేసు ముందు అతని ఇంటికి భోజనానికొచ్చాడు, లెక్కలేమీ అడగలేదు. అది కృప. తిన్నాక జక్కయ్య లేచి, ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా గుంజింది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ నాలుగింతల లెక్క ఎక్కడిది? గొర్రెని దొంగిలించినవాడు నాలుగు గొర్రెలివ్వాలని నిర్గమకాండంలో ఉంది. కృప వచ్చాక ధర్మశాస్త్రం ఆ ఇంట్లోంచి వెళ్ళిపోలేదు. మొదటిసారి సరైన మనిషి మీద పనిచేసింది.

నేను పుట్టింది లూథరన్ ఇంట్లో. లూథర్ 1529లో రాసిన చిన్న కాటకిజం పది ఆజ్ఞలతోనే మొదలవుతుంది. ఆయన నేర్పిన అసలు కిటుకు ఇది: ధీమాగా కూర్చున్న పాపికి ధర్మశాస్త్రం వినిపించు, నలిగిపోయినవాడికి సువార్త వినిపించు. మందు ఒకటే, రోగిని బట్టి ఇవ్వాలి. ఇంత చక్కటి మాట చెప్పినాయనే దానికి నాలుగేళ్ళ ముందు, 1525లో, ఏం చేశాడు? జర్మనీ రైతులు క్రీస్తు అందరినీ విడిపించాడు కాబట్టి మేం వెట్టివాళ్ళం కాదని కోరికలు రాసి దొరల ముందు పెట్టారు. లూథర్ మొదట దొరల్నీ తప్పుపట్టాడు, నిజమే. కానీ క్రైస్తవ స్వాతంత్ర్యాన్ని శరీరానికి సంబంధించినదిగా మార్చేస్తున్నారని రైతుల్ని గద్దించాడు. గొడవ ముదిరాక వాళ్ళని నరికెయ్యమని దొరలకి రాశాడు. వేలకి వేలు చచ్చారు. ధీమాగా ఉన్నవాళ్ళకి కత్తి, నలిగినవాళ్ళకి ఆజ్ఞ. తన కిటుకు తానే తలకిందులు చేశాడు. ఆ వారసత్వంలో నాలుగొందల ఏళ్ళ తర్వాత బోన్‌హాఫర్ అనే లూథరన్ పాస్టరు పుట్టాడు. మారుమనస్సు అడగని కృప చవకబారు కృప అని 1937లో పుస్తకం రాశాడు. 1945లో హిట్లర్ మనుషులు ఉరితీశారు. మన కాలేజీల్లో వేదాంతం చదివినవాళ్ళందరికీ ఈ రెండు కథలూ తెలుసు. పల్పిట్ ఎక్కగానే మరిచిపోతారు.

ఇక మన ఊళ్ళ సంగతి. గరగపర్రు ఇక్కడికి దగ్గరే, పాలకోడేరు మండలం. 2017 ఏప్రిల్లో అక్కడి దళితులు మిగతా నాయకుల విగ్రహాల దగ్గర అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. దాన్ని తీసేశారు. ఇదేమిటని అడిగినందుకు వెలి. పొలం పనుల్లోంచి తీసేశారు, ఊరితో ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోయాయి. జూన్ నెలాఖరుకి రాష్ట్రమంతా అటు చూస్తే గాని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అరెస్టులు జరగలేదు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగుర్ని చంపాక, అంత ఉద్యమం జరిగాక, 1989లో వచ్చిన చట్టం అది. అందులో మనవాళ్ళ రక్తం ఉంది.

ఇలాంటి గొడవ జరిగిన చోట, కేసు కాస్త బిగుసుకున్నాక, ఒక మెత్తని గొంతు వినపడుతుంది. గరగపర్రు మాట కాదు, నేను కేసుల వెంట తిరిగిన మిగతా ఊళ్ళ మాట చెబుతున్నాను. అయ్యగారు వచ్చి కూర్చుని, క్షమించమన్నాడు కదా ప్రభువు, డెబ్భై ఏళ్ళమార్లు అన్నాడు కదా, రాజీ పడండి అంటాడు. ఆయన చెప్పింది మత్తయి పద్దెనిమిదో అధ్యాయం. అదే అధ్యాయంలో దానికి కాస్త ముందు ఏముంది? తప్పు చేసినవాణ్ణి వెళ్ళి నిలదియ్యి, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షుల్ని తీసుకెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టు. సాక్షులు, విచారణ, తీర్పు అన్నీ అయ్యాకే క్షమాపణ లెక్క వచ్చింది. దెబ్బ తిన్నవాడు క్షమించొచ్చు, అది వాడి హక్కు, వాడి గొప్పతనం. వాడి తరఫున ఇంకొకడు క్షమించడానికి కుదరదు. పెత్తందారు ఇంటికెళ్ళి జక్కయ్య కథ చెప్పొచ్చిన అయ్యగారు ఒక్కడు నాకు తారసపడలేదు.

విశ్వాసి కోర్టుకెక్కొచ్చా అని అడిగే చెల్లెళ్ళకి పౌలునే చూడమంటాను. కృప గురించి ఆయనకన్నా ఎక్కువ రాసినవాడు లేడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో పెట్టి, తెల్లారాక చప్పుడు చెయ్యకుండా పొమ్మంటే పోలేదు. మేం రోమా పౌరులం, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్ళాలన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. యెరూషలేములో కొరడా ఎత్తబోతే తన పౌరసత్వం చెప్పి ఆపించాడు. చివరికి కైసరుకే అప్పీలు చేశాడు. చట్టం తన చేతిలో ఉన్నంతవరకు వాడుకున్నాడు.

మన చేతిలో అది లేకుండా చేస్తున్నారు, అసలు కష్టం అక్కడుంది. 2025 ఏప్రిల్ 30న గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన కేసులో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ కాడు, కాబట్టి అత్యాచారాల చట్టం రక్షణ అడగలేడు అంది. ఫిర్యాదు చేసింది ఒక పాస్టరు. మూలం 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి దాన్ని సవరించారు. మనల్ని బీసీ-సీలో పెట్టి వదిలేశారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా ఎత్తెయ్యమంది. 2023 మార్చి 24న మన అసెంబ్లీ కూడా తీర్మానం చేసింది. పేరా అక్కడే ఉంది.

ఆ తీర్పు వచ్చాక డిగ్రీ చదివే ఒక తమ్ముడు అడిగాడు: అన్నా, సర్టిఫికెట్‌లో హిందూ మాల అని ఉంది, ఆదివారం మందిరానికి వెళ్తున్నాను, నేను అబద్ధంలో బతుకుతున్నానా, మా పాస్టరు గారు అదే అంటున్నారు అని. తమ్ముడూ, ఆ కాగితం మీద మాల అన్న మాట అబద్ధం కాదు, ఊరు దాన్ని ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. దాని పక్కన మతం మాట రాయిస్తే గాని నీ దెబ్బ దెబ్బ కాదంటున్న పేరా ఉంది చూశావా, అబద్ధం అక్కడుంది. మీ పాస్టరు గారు నీ అంతరాత్మ మీద ధర్మశాస్త్రం ప్రయోగించే ముందు ఆ పేరా మీద ఒక్క వినతిపత్రానికైనా సంతకం పెట్టాడేమో కనుక్కో.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మనవాళ్ళకి కోపం తెప్పిస్తుంది. క్రైస్తవంలో కులం లేదు అన్న మాట మీద ఆ తీర్పు నిలబడింది. ఆ మాట కోర్టులకి కొత్తగా తట్టిందా? మన వేదికల మీంచి నూట యాభై ఏళ్ళుగా చెబుతున్నదే. క్రీస్తులో మాల లేదు, మాదిగ లేదు అని ఆదివారం చెప్పి, సోమవారం పెళ్ళిచూపులకి మనవాళ్ళేనా అని కనుక్కుంటాం. మాల మందిరం, మాదిగ మందిరం వేరు. అగ్రకులం నుంచి నమ్ముకున్న ఒక కుటుంబం వస్తే ముందు వరసలో కుర్చీ. పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేము నుంచి పెద్దలు రాగానే బంతిలోంచి లేచిపోయాడు. పౌలు అందరి ముందూ మొహం మీద నిలదీశాడు. ధర్మశాస్త్రం వల్ల కాదు, విశ్వాసం వల్లే నీతి అన్న గలతీ పత్రిక వాదన ఆ భోజనం బల్ల దగ్గర పుట్టింది. మనం దాన్ని బల్ల దగ్గర్నించి లాగి ఆత్మలోకి తోసేశాం.

క్రైస్తవంలోకి వెళ్ళిన అంటరానివాళ్ళ గురించి అంబేడ్కర్ రాసినప్పుడు పట్టుకున్నది కూడా ఇదే. హిందువు నీ కష్టానికి పూర్వజన్మ కర్మ కారణమన్నాడు, మిషనరీ పాపం కారణమన్నాడు, చుట్టూ ఉన్న సమాజం కారణమని ఇద్దరూ చెప్పలేదు అన్నాడాయన. కష్టం పెట్టినా ఆ మాటలో నిజం ఉంది. సమాజం పేరెత్తని కృప చివరికి కోర్టులో మన మీదే సాక్ష్యం చెప్పింది.

సంఘకాపరులకి ఒకటే అడుగుతున్నాను. మీ సంఘంలో కులం ఎలా బతికుందో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. మీ ఊళ్ళో సమాధుల దొడ్లు ఎన్ని, ఎవరెవరివి. గత పదేళ్ళలో మాల మాదిగల మధ్య మీరు చేసిన పెళ్ళిళ్ళు ఎన్ని. పేటలో మందిరం కట్టుకోడానికి ఊళ్ళో స్థలం అడిగితే ఏమన్నారు. పాప ఒప్పుకోలు ప్రతి ఆదివారం చదివిస్తారు కదా, ఈ ఒక్కటి అఫిడవిట్‌గా రాయండి. కోర్టులకి, కమిషన్లకి చూపించడానికి మన దగ్గర లేనిది ఆ కాగితమే. ఇచ్చేవాళ్ళు ఇన్‌బాక్స్‌లో చెప్పండి, లాయర్ల దగ్గరికి నేనే పట్టుకెళ్తాను. పేరు బయటపెట్టవద్దంటే పెట్టను.

సంఘాల ఆస్తులు, ఎలక్షన్ల సంగతి వచ్చే భాగంలో.