సముద్రం చూపించి తీసుకొని వచ్చాను

మా కమలాపురంలో సముద్రం సంగతి ఎత్తితే, చూసివచ్చినవాళ్లు మూడే మూడు మాటలు చెబుతారు. ‘అబ్బో, ఎన్ని నీళ్లు!’ అనేది మొదటిది. ‘అన్నీ ఉప్పే’ అనేది రెండవది. ‘చెప్పులు పోయినాయి’ అనేది మూడవది. మూడూ నిజమే. కాని ముసలితల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరే సంసారికి ఇవి చాలవు. ఈ సంక్రాంతి సెలవులలో మేము విశాఖపట్నం వెళ్లివచ్చాము. తెలిసివచ్చిన నాలుగు సంగతులు చెబుతాను. రేపు మీరు వెళ్లేటప్పుడు పనికిరావచ్చును.

మా ఊరి పక్కన పాపఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. కలుస్తుందని పుస్తకాలలో ఉన్నది గనుక నమ్ముతాము గాని, సంవత్సరంలో చాలా నెలలు ఇసుక వచ్చి ఇసుకలో కలుస్తూ ఉంటుంది. అలాంటి చోట డెబ్బైరెండేండ్లు బ్రతికిన మా అమ్మకు సముద్రం చూడాలని కోరిక. నిజానికి మాకు దగ్గరి సముద్రం నెల్లూరు అవతల మైపాడులో ఉన్నది. అయినా ఆమె విశాఖపట్నమే అన్నది. ‘సింహాచలం అప్పన్నను చూసినట్లూ ఉంటుంది, సముద్రం చూసినట్లూ ఉంటుంది’ అని లెక్క. ఒక ఖర్చుకు రెండు పనులు కాకపోతే మా రాయలసీమలో ఏ ప్రయాణానికీ ముహూర్తం కుదరదు.

కడపలో సాయంత్రం తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దెక్కిన తర్వాత విశాఖలో దిగుతాము. కాలం విషయంలో ఒక హెచ్చరిక. మన ఎండ పొడి ఎండ, వాళ్లది ఉక్క. మే నెలలో మనకంటె అక్కడ వేడిమి అంకెలలో తక్కువే ఉంటుంది గాని, చొక్కా మాత్రం ఒంటికి అతుక్కొని ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ ఊరిని ఎంత పాడుచేసిందో లోకమంతా చూసింది. డిసెంబరు మొదలుకొని ఫిబ్రవరిదాకా పిల్లలతో, పెద్దలతో వెళ్లడానికి మంచికాలం.

ఊళ్లో అందరూ చేరేది రామకృష్ణా బీచి. అక్కడి రామకృష్ణా మిషన్ ఆశ్రమాన్నిబట్టి ఆ పేరు. తెల్లవారుజామున కొన్ని గంటలపాటు బీచి రోడ్డు మీద బండ్లను ఆపి, నడిచేవాళ్లకు వదిలేస్తారు. ఇంత మంచి ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు. ముసలివాళ్లు, పసివాళ్లు రోడ్డు మధ్యన రాజుల్లాగా నడుస్తారు. సూర్యుడు సముద్రంలోనుంచి లేచివస్తాడు. మా అమ్మ చెప్పులు విడిచి నమస్కారం చేసింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఎట్లుందమ్మా?’ అని అడిగితే, ‘ఊరికే వస్తాంది, పోతాంది. దీనికి అలుపు లేదా నాయనా?’ అన్నది. మున్నీరు, కడలి, రత్నాకరం అని ఇరవై యేండ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తోచలేదు.

సాయంత్రం అదే చోట తిరునాళ్ల. బండ్ల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చరు. మురీలంటే మరేమిటో కాదు, మన బొరుగులే. మనం బొరుగులంటాము, మరికొందరు మరమరాలంటారు, వాళ్లు మురీలంటారు. అమ్మ పేరు విని మొదట వద్దన్నది; చూసి, ‘ఓస్, బొరుగులా!’ అని రెండు పొట్లాలు తిన్నది.

ఆ రోడ్డు మీదనే కురుసుర జలాంతర్గామి. పిల్లలను తీసుకొని వెళ్లేవాళ్లు దీనిని తప్పిపోకూడదు. సోమవారం సెలవన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001 ఫిబ్రవరిలో కొలువు చాలించిన ఓడ ఇది. ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. అంత పొడవున్నా లోపల మనిషి నిలువునా నడవడానికి చోటు తక్కువ. ఒక గదిలోనుంచి మరొక గదిలోకి గుండ్రని తలుపులగుండా వంగి దూరాలి. మోకాళ్లనొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవలసిందే. అమ్మ మాత్రం వినలేదు. డెబ్బైమందికి పైగా మనుషులు వారాల తరబడి ఆ ఇరుకులో ఉండేవారట. నౌకాదళంలో పనిచేసి విరమించిన పెద్దమనిషి ఒకాయన దారి పొడుగునా ఓపికగా చెప్పుకొచ్చాడు. మంచినీళ్లు తాగడానికి, వంటకు కొలిచి వాడుకోవాలి గనుక స్నానం మాట మరచిపోవలసిందేనని ఆయన అంటే, అమ్మ ఆగిపోయింది. ‘ఇన్ని నీళ్లకింద ఉండి నీళ్లకు కరువేందప్పా!’ అన్నది. ఆయన నవ్వి, ‘మీది ఏ ఊరమ్మా?’ అన్నాడు. కడప జిల్లా అనగానే, ‘అయితే మీకు మా కష్టం చెప్పక్కర్లేదు’ అన్నాడు. ఎదురుగా రోడ్డుకు అవతల టి.యు.142 విమానం ఉన్నది. 2017లో దానిని కూడా ప్రదర్శనశాలగా చేశారు. మావాడికి అది నచ్చింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్యరాత్రి ఈ తీరానికి సమీపంలోనే పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందన్న సంగతి వాడికి అప్పటికే నాకంటె బాగా తెలుసు.

కైలాసగిరి మీదికి తీగమార్గంలో వెళ్లి పైనుంచి తీరాన్ని చూడవచ్చును. అది బాగానే ఉంటుంది. ఫొటోలు చూసినవాళ్లకు కొత్తగా చెప్పవలసింది లేదు.

ఇక నేను చెప్పదలచుకొన్న అసలు సంగతి. రెండవరోజు పొద్దున ఒక తీరానికి వెళ్లాము. ఏ తీరమో చెప్పను. తప్పు ఆ తీరానిది కాదు, సగం నాది. పిల్లలు తడిశారు, మా ఆవిడ మోకాళ్లదాకా దిగింది. తడిచీర బట్టలమూటంత బరువుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. బట్టలు మార్చుకోవడానికి గది కనిపించలేదు. చివరకు అమ్మ తన దుప్పటిని తెరలాగా పట్టుకొని నిలబడింది, ఆ తెర చాటున తల్లీ కూతుళ్లు బట్టలు మార్చుకొన్నారు. నేను అవతలివైపు తిరిగి ఓడలను లెక్కపెడుతూ ఉన్నాను. పదకొండు గంటలకు అమ్మకు తల తిరిగింది. కూర్చోబెట్టి నీళ్లిస్తే పెదవులు తడుపుకొని సీసా పక్కన పెట్టింది. ‘తాగమ్మా’ అంటే తాగదు. నేను గట్టిగా అడిగితే, మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: ‘మీకు చెబుతుందా ఆమె? లాడ్జిలోనుంచి బయలుదేరేటప్పుడు మొదలుకొని నీళ్లు తాగలేదు. నేనూ తాగలేదు. ఇక్కడ అవసరమైతే ఎక్కడికి పోవాలి?’

నేను నిర్ఘాంతపోయాను. నీళ్ల కరువుకు పుట్టినిల్లయిన చోట, చైత్రం రాకముందే వీధికొక చలివేంద్రం పెట్టి దారిన పోయేవాణ్ణి పిలిచి మజ్జిగ పోసే ఊరివాళ్లము మేము. అలాంటి మా ఇంటి ఆడవాళ్లు సముద్రం ఒడ్డున కూర్చొని, చేతిలో నీళ్ల సీసా పెట్టుకొని, దాహానికి తల తిరిగి పడబోయారు. ఇదేమీ కొత్త కాదట. ప్రతి పెండ్లి ప్రయాణంలో, ప్రతి తిరునాళ్లలో వాళ్లు చేసే పని ఇదేనట. పద్దెనిమిదేండ్ల కాపురంలో నాకు తెలియలేదు. మీలో ఎందరు మగవాళ్లకు తెలుసునో ఈ పూట ఇంట్లో అడిగి చూడండి.

మధ్యాహ్నం ఆటో మాట్లాడుకొని ఋషికొండకు వెళ్లాము. ఊరికి ఉత్తరాన, భీమిలి వెళ్లే దారిలో ఉన్నది. అక్కడ మరుగుదొడ్లు ఉన్నాయి, బట్టలు మార్చుకొనే గదులు ఉన్నాయి. ఈ తీరానికి 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. నీలి జెండా అన్నమాట. డెన్మార్కులో కేంద్ర కార్యాలయం ఉన్న ఒక సంస్థ దీనిని ఇస్తుంది. అందమైన తీరానికిచ్చే బహుమానమేమో అనుకొనేవాణ్ణి, కానే కాదు. నీరు పరీక్షించి ఫలితాన్ని బోర్డు మీద పెట్టాలి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉండాలి, కాపలావాళ్లు ఉండాలి, నడవలేనివాళ్లు కూడా రావడానికి దారి ఉండాలి. ఇలాంటి నిబంధనలు ముప్పైకి పైగా ఉన్నాయి. ఒకసారి వచ్చిందని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు, ఎప్పటికప్పుడు మళ్లీ సంపాదించుకోవాలి. 2025లో నిర్వహణ సరిగా లేదని ఆ జెండాను కొద్దికాలం దించవలసివచ్చి, లోపాలు దిద్దిన తర్వాత మళ్లీ ఎగరవేశారు. సముద్రాన్ని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు. దాని పని అది చేస్తూనే ఉంటుంది. మనిషి చేయవలసిన పనికి మార్కులు వేసేవాళ్లు ఉండటం నాకు, పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ణి గనుక, చాలా నచ్చింది. అమ్మ అక్కడ ఒక సీసాడు నీళ్లు గటగట తాగింది.

అక్కడే మరొక పాఠం. అలలు పెద్దగా విరుగుతున్నచోట వదిలేసి, మధ్యలో ప్రశాంతంగా, కొంచెం నల్లగా కనిపించేచోట మావాడు దిగబోయాడు. దూరాన్నుంచి ఈల వినిపించింది. కాపలా కుర్రాడు పరుగెత్తుకొచ్చి, ‘అలల్లేవని అక్కడ దిగిపోకండి బాబూ, అక్కడే లాగేస్తాది’ అన్నాడు. తర్వాత కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగిపోవాలి గదా; అది ఒకచోట చేరి సన్నని కాలువలాగా జోరుగా లోపలికి పోతుంది. ఆ కాలువ మీద అలలు విరగవు. అందుకే నిమ్మళంగా కనిపిస్తుంది. మన పెన్నలో నీరు నిలకడగా ఉంటే లోతు తక్కువేమో అనుకొని దిగుతాము. ఆ తెలివి సముద్రం దగ్గర ప్రాణం తీస్తుంది. పొరబాటున అందులో చిక్కితే, అది మనిషిని అడుగుకు లాగదు, దూరానికి ఈడ్చుకొనిపోతుంది. దానికి ఎదురీదితే బలం అయిపోయి మునుగుతాము. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ కాలువ దాటిన తర్వాత ఒడ్డువైపు తిరగాలి. ఈత రానివాడు తేలుతూ చెయ్యి పైకెత్తి ఉండాలి. ఒడ్డున ఉన్నవాళ్లు తామూ దూకకుండా, తేలే వస్తువేదైనా విసరి, కాపలావాళ్లను పిలవాలి. సెలవుల్లో స్నేహితుణ్ణి కాపాడబోయి మరో ఇద్దరు పోయారని పత్రికలలో చదువుతూనే ఉంటాము. కాలేజీ పిల్లలను విహారయాత్రకు తీసుకొనివెళ్లే మావంటి ఉపాధ్యాయులు బస్సు దిగకముందే ఈ మాటలు చెప్పాలి. నేను రెండుసార్లు తీసుకొనివెళ్లాను. ‘జాగ్రత్త’ అని మాత్రం చెప్పాను. తలచుకొంటే ఇప్పుడు చెమట పడుతున్నది.

చివరిరోజు ఒడ్డు వెంబడి దారిలో భీమునిపట్నం వెళ్లాము. దారంతా ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం. తొట్లకొండ మీద బౌద్ధుల విహారాల శిథిలాలున్నాయి. ఓపిక ఉన్నవాళ్లు ఎక్కవచ్చును. భీమిలి చిన్న ఊరు, పాత ఊరు; 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. సందడి తక్కువ, నీడ ఎక్కువ. ముసలివాళ్లతో వెళ్లేవారికి నేను ఈ ఊరే చెబుతాను.

అక్కడ గోస్తనీనది సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలగుండా దిగివచ్చే నది. జనవరిలో పెద్ద ప్రవాహమేమీ లేదు. ఇసుకలో ఒక పాయ నెమ్మదిగా పోతూ ఉంటే, అవతలినుంచి అల వచ్చి కలుపుకొనిపోతున్నది. అమ్మ అక్కడినుంచి కదలలేదు. మూడురోజులలో సముద్రాన్ని ఆమె అంతసేపు చూడలేదు.

‘మన పాపఘ్ని గూడా ఇట్లనే వచ్చి కలుస్తాదా?’ అన్నది.

‘పాపఘ్ని పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిల దాటి నెల్లూరు మీదుగా పోయి సముద్రంలో కలుస్తుందమ్మా’ అన్నాను.

‘నువ్వు చూసినావా?’

చూడలేదు. పిల్లలకు పరీక్షలో ఆ ప్రశ్న ఇచ్చాను గాని, చూడలేదు. తిరుగు రైలులో నెల్లూరు దగ్గర పెన్న వంతెన దాటుతుంటే అమ్మ మేలుకొనే ఉన్నది. కిటికీ దగ్గరికి జరిగి చీకట్లోకి చూసింది. ఇనుప కమ్ముల చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు.

ఇంటికి వచ్చిన తర్వాత పక్కింటివాళ్లు సముద్రం ఎట్లున్నదని అడిగితే, స్నానం లేని ఆ ఓడవాళ్ల సంగతి చెబుతున్నది. నాకు మాత్రం వేసవి సెలవులదాకా గడువిచ్చింది. నెల్లూరు బస్సుల వేళలు కనుక్కొంటున్నాను. ఈసారి పెన్న సముద్రంలో కలిసే చోటు చూడాలట. అక్కడ మరుగుదొడ్డి ఉన్నదో లేదో ముందుగా కనుక్కోవలసిన పని మా ఆవిడ నాకే అప్పగించింది.